ఉరికే గుర్రాన్ని చూపిస్తేనే

అమీర్‌పేట మెట్రో స్టేషన్లో లిఫ్టు తలుపులు మూసుకోగానే మా అయ్య నా చున్నీ కొస పట్టుకున్నాడు. వదలమన్నా వదల్లేదు. ఆ ఇనుప గదిలో మాతో పాటు ఎనిమిది మంది ఉన్నారు. ఎనిమిది మందీ అయ్య కుడికాలి కట్టు వైపు ఒకసారి చూసి, మొహాలు పక్కకు తిప్పుకున్నారు. నేను నర్సుని. ఆ వాసన ఏమిటో వాళ్ళకంటే నాకు బాగా తెలుసు. తెలిసీ, ఆయన నా మనిషి కానట్టు పైన వెలుగుతున్న అంకెలు చూస్తూ నిలబడ్డాను.

ఇది మధ్యలో ఆగిపోతే ఎట్లా అని అయ్య అడిగాడు. ఆగదన్నాను. ఆగితే, అన్నాడు మళ్ళీ. ఆగితే ఇద్దరం ఇక్కడే ఉందాం, ఎట్లాగూ మూడు రోజుల నుంచి వార్డులో అట్లాగే ఉన్నాం కదా అన్నాను. అది కోపంతో అన్న మాటే.

మేము ఆ మధ్యాహ్నం గుర్రప్పందేలు చూడటానికి బయలుదేరాం. ఈ మాట చెబితే రాష్ట్రం సరిహద్దు అవతలున్న మా ఎర్రబోరులో ఇప్పటికీ ఎవరూ నమ్మరు. తెల్లారితే కాలు తీయించుకోవలసిన మనిషిని రేసులకు తీసుకుపోవడమేమిటని మా తమ్ముడు ఫోన్లో నామీద ఇంతెత్తున లేచాడు. లేవడం తేలిక. వాడు కోంటాలో ట్రాక్టర్ మీద ఉన్నాడు, నేను ఆయన మంచం పక్క స్టూలు మీద ఉన్నాను.

మాది కుమ్మరి ఇల్లు. కుండల గిరాకీ ఎప్పుడో తగ్గింది గానీ గుర్రాల గిరాకీ తగ్గలేదు. మా వైపు మొక్కు తీరితే ఊరి తల్లి గద్దె దగ్గర మట్టిగుర్రాన్ని పెడతారు. జ్వరం తగ్గినా, తప్పిపోయిన ఎద్దు దొరికినా, పై ఊరికి పోయిన బిడ్డ క్షేమంగా తిరిగొచ్చినా గుర్రమే. చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ఆ గుర్రాలు చేసేది మా అయ్య. ఆయన చేసే గుర్రానికి నాలుగు కాళ్ళూ రోకళ్ళలా నిటారుగా ఉంటాయి. వాళ్ళయ్య అట్లాగే చేశాడు, ఈయనా అట్లాగే చేస్తాడు.

తీసుకుపోతుంటే దారిలో ఏ కాలో విరిగిందనుకోండి, ఆ గుర్రాన్ని తల్లికి పెట్టకూడదు. అట్లాగని పారెయ్యనూ కూడదు. తిరిగి మా ఇంటికే తెచ్చి ఇస్తారు. దాన్ని రోట్లో వేసి దంచి, జల్లించి, ఆ పొడిని కొత్త మట్టిలో కలపాలి. అప్పుడది ఇంకో గుర్రంలో ఉంటుందని లెక్క. ఆ దంచే పని నాది. తోటి ఆడపిల్లలందరూ పొద్దున్నే ఇప్పపువ్వు ఏరుకోవడానికి అడవికి పోతుంటే, నేను మా వాకిట్లో రోలు ముందు కూర్చుని ఇతరుల విరిగిన గుర్రాలు దంచేదాన్ని. కళ్ళలో దుమ్ము, అరచేతుల్లో బొబ్బలు. దంచడం అయ్యాక గుంటలో మట్టి తొక్కాలి. దంచుడు నాది, తొక్కుడు అయ్యది. భద్రాచలంలో మేనమామ ఇంట్లో ఉండి చదువుకుంటానని నేను పట్టుబట్టింది చదువు మీద ప్రేమతో కాదు, ఆ రోలు నుంచి తప్పించుకోవడానికి. తెలుగు అక్షరాలు అక్కడే వచ్చాయి. తర్వాత నర్సు పని వచ్చింది. ఆ పనేమో మళ్ళీ మా ఊళ్ళోనే వచ్చింది.

షుగరున్న ప్రతి మనిషి పాదాలూ నేను చూస్తాను. చెప్పులు విప్పించి, వేళ్ళ సందులు విడదీసి మరీ చూస్తాను. గొల్లపల్లి దాకా పోయి చూస్తాను. మా ఇంట్లో మనిషి పాదాలు మాత్రం చూడలేదు. చూసినా కనబడేది మట్టే. తొక్కేటప్పుడు ఏదో పెంకు గుచ్చుకుందట. పైన మట్టి ఎండి గట్టిగా అంటుకుని ఉండేది కాబట్టి కింద ఏముందో నాకు తెలియలేదు, ఆయనా చెప్పలేదు. తెలిసేసరికి రెండు వేళ్ళు నల్లబడిపోయాయి. కోంటా, భద్రాచలం, అక్కణ్ణుంచి హైదరాబాద్. మోకాలి కింద తీసెయ్యాలి, ఆలస్యం చేస్తే పైకి పాకుతుంది అన్నాడు డాక్టరు. మనిషి తెలివిలో ఉన్నాడు కనుక వేలిముద్ర ఆయనే వెయ్యాలి, కూతురు సంతకం చెల్లదు.

అయ్య వెయ్యనన్నాడు. అంగం తగ్గినవాడు తల్లికి గుర్రం చెయ్యకూడదన్నాడు.

ఈ మాట ఆయన ఎక్కణ్ణుంచి తెచ్చాడో నాకు తెలుసు. మా తాతను ఎలుగుబంటి పట్టింది. ప్రాణం దక్కింది గానీ కుడిచేతి వేళ్ళు మూడు పోయాయి. మిగిలిన వేళ్ళతో చేస్తానని ఆయనన్నా పూజారి ఒప్పుకోలేదు, ఊరూ ఒప్పుకోలేదు. నాకు గుర్తున్న తాత ఎప్పుడూ వసారా మూలన గోడకు ఆనుకుని కూర్చుని ఉంటాడు. అన్నం పెడితే తింటాడు. కుమ్మరి సారె తిరుగుతుంటే అటు చూడడు. అట్లా పన్నెండేళ్ళు కూర్చుని, ఆ మూలనే పోయాడు.

రెండు రోజులు నేను బతిమాలాను, తిట్టాను, ఏడ్చాను. నీ కాలు కంటే గుర్రాలే ఎక్కువా అంటే గోడ వైపు తిరిగి పడుకుంటాడు. గదిలో ఏసీ చప్పుడు, బయట గుక్క తిప్పుకోని హారన్లు. తలుపు తెరిచే ఉన్నా నాకు ఊపిరాడేది కాదు. మూడో రోజు పక్క మంచం ఆయన, మలక్‌పేట మనిషి, తమ ఇంటి మేడ మీదికెక్కితే రేసు గుర్రాలు పరుగెత్తడం కనబడుతుందని ఏదో మాటల్లో అన్నాడు. అయ్య లేచి కూర్చున్నాడు.

"ఇన్నేండ్లు గుర్రాలు చేసిన గాని ఉరికే గుర్రాన్ని కండ్లతోటి సూడలే. దోర్నపాల్ అంగట్ల ఒకటి సూసిన, అది నిలబడే నిద్రపోతున్నది. ఉరికేదాన్ని సూపియ్యి బిడ్డా. సూపిస్తే ఏలేస్త."

చూపిస్తేనే వేస్తాడు. సాయంత్రం ఆరు లోపల వేలిముద్ర పడకపోతే పొద్దుటి ఆపరేషను ఇంకొకరికి పోతుంది. డ్యూటీ డాక్టరు నా మొహం చూసి, నేనూ నర్సునే కదా అని, జాగ్రత్తలు చెప్పి పంపాడు.

లిఫ్టు ఆగకుండానే పైకి చేరింది. సామాను తనిఖీ యంత్రం దగ్గర సంచి పెట్టమంటే అయ్య పెట్టలేదు. అందులో జానెడు గుర్రం ఉంది. పొరుగు సీమకు పోయేటప్పుడు కుమ్మరి ఉత్త చేతులతో పోకూడదు, ఆ సీమ తల్లికి ఒక గుర్రాన్నిస్తేనే ఆమె తిరిగి పోనిస్తుందని మా ఇంటి నమ్మకం. వార్డులో తల్లి దొరకలేదు గనుక మూడు రోజులుగా అది మంచం కిందే ఉంది. అన్ని గుర్రాలున్న చోట వాటి తల్లి ఉండకుండా ఎట్లా ఉంటుందని ఆయన దాన్ని తువ్వాలులో చుట్టి వెంట తెచ్చాడు. గార్డు హిందీలో ఏముందని అడిగాడు. ఘోడా అన్నాను. అతను నా మొహం చూసి, సంచి విప్పించి, గుర్రాన్ని చూసి, యంత్రంలో వెయ్యకుండానే చేతికి ఇచ్చి పంపాడు. ఆ రోజంతటిలో మాకు జరిగిన మంచి అదొక్కటే అనిపించింది.

రైలు వచ్చింది. చంక కర్రతో ఆయన అడుగు వేసేలోపల తలుపులు మూసుకుంటాయని నా భయం. వెనక నుంచి తోసినట్టే ఎక్కించాను. మొదట నిలబడటానికి కూడా చోటు లేదు. ఖైరతాబాద్ దాటేసరికి మా చుట్టూ ఒక మంచమంత ఖాళీ ఏర్పడింది. ఒక అబ్బాయి లేచి సీటిచ్చి రెండు తలుపుల అవతలికి పోయాడు. పట్నం మనుషులు పెద్దవాళ్ళకు మర్యాద బాగానే ఇస్తారని అయ్య మెచ్చుకున్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. అది మర్యాద కాదని చెప్పలేక, ఆయన పక్కన కూర్చోలేక, కమ్మీ పట్టుకుని నిలబడ్డాను.

స్టేషన్ వచ్చినప్పుడల్లా ఒక ఆడగొంతు తెలుగులో, హిందీలో, ఇంగ్లీషులో చెబుతోంది. అయ్యకు తెలుగు, దోర్లీ, హల్బీ, హిందీ నాలుగూ వచ్చు. చెప్పిందే ఎందుకు చెబుతోంది, మనం అంత మొద్దులమా అని నన్నడిగాడు. అంతటి బెంగలోనూ నాకు నవ్వొచ్చింది. అద్దం బయట మేడలు ఒకదాని వెనక ఒకటి వెనక్కి పోతున్నాయి. ఈయన వేలు వెయ్యకపోతే ఏం చెయ్యాలన్నది ఒక్కటే నా తలలో తిరుగుతోంది. ఎత్తుకుపోయి కోయించలేను. వదిలేసి ఊరికి పోలేను. గొల్లపల్లిలో ఎవరి పాదమో పట్టుకుని, జాగ్రత్తగా చూసుకోమ్మా అని ఇక ఏ మొహం పెట్టుకుని చెప్పను?

మలక్‌పేటలో దిగి బయటికొచ్చే గేటు దగ్గర, టికెట్టుగా ఇచ్చిన ప్లాస్టిక్ బిళ్ళను వెయ్యమంటే, ఊరికి తీసుకుపోయి చూపిస్తానని అయ్య దాన్ని గుప్పిట్లో బిగించాడు. వెనక వరస పెరుగుతోంది. బిళ్ళ వేస్తేనే గేటు తెరుచుకుంటుందని చెప్పి ఆయన వేళ్ళు ఒక్కొక్కటే విప్పాను. బయటికి పోవడానికి కూడా ఇంత కష్టమా అని గొణిగాడు.

తక్కువ టికెట్ల వైపు మెట్ల మీద చోటు చూసుకున్నాం. అంతా మగవాళ్ళే. చేతుల్లో నలిగిన చిన్న పుస్తకాలు, చెవుల మీద పెన్నులు. అయ్య ముందు గేటు మనిషిని, తర్వాత తాగునీళ్ళ దగ్గరున్న మనిషిని ఈ గుర్రాల తల్లి గద్దె ఎక్కడుందని అడిగాడు. ఒకాయన క్యాంటీన్ వైపు చెయ్యి చూపించాడు. అక్కడ గద్దె లేదు, సమోసాలున్నాయి. దాంతో గుర్రం మళ్ళీ సంచిలోకి పోయింది. తల్లి లేని చోట ఇన్ని గుర్రాలను ఎవరు చూసుకుంటారని ఆయనకు నిజంగానే దిగులేసింది.

పందెం మొదలైందని అరుపులు లేచాయి. జనమంతా గోడకు వేలాడే టీవీల వైపు తిరిగారు. మైదానం వైపు తిరిగింది మా అయ్య ఒక్కడే. దూరాన చీమల బారులా కదిలింది కాస్తా మలుపు తిరిగి మా ముందుకొచ్చేసరికి నేల అదిరింది. ఎంతసేపు? నేను రెండుసార్లు రెప్పవేసేంత. అయ్య చంక కర్ర వదిలేసి, రెండు చేతులతో ముందున్న కమ్మీ పట్టుకుని, కట్టున్న కాలు కూడా నేలకు ఆనించి నిలబడ్డాడు. ఆపుదామని చెయ్యి చాచి కూడా ఆపలేకపోయాను.

"సూసినవా? ఒక్క కాలు గూడ నేల మీద లేదు."

ఆయన కళ్ళలో నీళ్ళు. నాకూ సంతోషమేసింది, దాచుకోవడం ఎందుకు. ఇక వేలు వేస్తాడు, అయిపోయిందనుకున్నాను.

అప్పుడు మా పక్క మెట్టు మీది ముసలాయన మాట కలిపాడు. ఒకప్పుడు గుర్రపుశాలలో గుర్రాలకు మాలిష్ చేసేవాడట. అయ్యకు మంచి తోడు దొరికినట్టయింది. దాణా ఏమిటి, డెక్కలకు లాడాలు ఎన్నాళ్ళకు మారుస్తారు, అన్నీ అడిగాడు. చివరికి ఇంత వేగంలో కాలు విరిగితే ఎట్లా అని అడిగాడు. గుర్రానికి కాలు విరిగితే అతకడం కష్టం, మూడు కాళ్ళ మీద బతకలేదు, చాలావాటికి సూది వేసి నిద్రపుచ్చుతారు అన్నాడు ఆ పెద్దాయన. మంచివాడే, బాధగానే చెప్పాడు. కానీ నాకు ఆయన నోరు మూసెయ్యాలనిపించింది.

అయ్య కట్టు వైపు చూసుకున్నాడు. ఇక పోదామన్నాడు.

తిరుగు రైలు ఆఫీసులు వదిలే వేళకు దొరికింది. ఈసారి కట్టు చూసి జరగడానికి కూడా ఎవరికీ చోటు లేదు. అయ్యకు సీటు దొరికింది గానీ ఆయన మోకాళ్ళను ఆనుకుని మనుషులు, వాళ్ళను ఆనుకుని మనుషులు. నేను ఆయనకు నాలుగు తలల అవతల ఇరుక్కుపోయాను. ఆయన మొహం నాకు ముక్కలు ముక్కలుగా కనబడుతోంది, ఒకసారి కన్ను, ఒకసారి తెల్లటి గడ్డం. వేలేస్తావా అని అడగాలి. నలుగురి చెవుల మీదుగా అరిచి అడిగే మాట కాదది. నాంపల్లిలో ఇంకో గుంపు తోసుకుంటూ ఎక్కింది. ఎవరిదో బరువైన బ్యాగు ఆయన ఒడిలోని సంచి మీద పడింది. టప్‌మని చప్పుడైంది. ఆ చప్పుడు నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. అయ్య సంచి విప్పి చూడలేదు. అరచెయ్యి దాని మీద పెట్టి, అమీర్‌పేట దాకా తియ్యలేదు.

శకునం కూడా తోడైంది, ఇక ఈ మనిషి వేలు వెయ్యడు. నా చేతుల్లోంచి పోయాడు అనుకున్నాను. అట్లా అనుకుని కూడా దిగవలసిన స్టేషన్లో దించి, లిఫ్టు ఎక్కించి, ఆటో పిలిచి, మంచం మీద కూర్చోబెట్టాను. చచ్చినట్టు అవన్నీ చెయ్యాల్సిందే కదా.

ఐదున్నర దాటింది. డ్యూటీ నర్సు కాగితం, సిరా డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది. అయ్య తువ్వాలు విప్పాడు. వెనక కాలు ఒకటి తొడ దగ్గరికి విరిగింది, ఒక చెవి పోయింది. ముక్కలు ఒక్కటీ పోకుండా దులిపి దుప్పటి మీద పెట్టుకున్నాడు.

"కాలిరిగిన గుర్రానికి ఆల్లు సూదేస్తరు. మనమైతే ఏం చేస్తం బిడ్డా?"

ఇప్పుడీ పరీక్ష ఏమిటని ఒళ్ళు మండింది. దంచుతాం, దంచి కొత్త మట్టిలో కలుపుతాం అన్నాను. అట్లా కలిపి చేసిన గుర్రాన్ని తల్లి ఎప్పుడైనా వద్దన్నదా అని అడిగాడు. లేదన్నాను. అసలు అట్లా కలవని గుర్రం ఆ గద్దె మీద ఒక్కటి కూడా ఉండదన్నాను.

అయ్య విరిగిన కాలును చేతిలో అటూ ఇటూ తిప్పి చూశాడు. నర్సు గడియారం చూసుకుంది.

"మీ తాతను ఎవ్వరు దంచలే. ఎవ్వరు ఏ మట్టిల కలపలే. పన్నెండేండ్లు మూలకు కూసోబెట్టినం. ఊరు కూసోబెట్టింది, నేను గూడ కూసోబెట్టిన."

నేను ఆయన వీపు మీద చెయ్యి వేశాను. పూజారి ఏమన్నా ఊరికి పోయాక చూసుకుందాం అన్నాను. పూజారితో తనే మాట్లాడుకుంటానని ఆయనన్నాడు. చేతులున్నాయి, సారె ముందు కూర్చుంటే కాలుతో పనేముంది అన్నాడు. సిరా డబ్బా దగ్గరికి లాక్కున్నాడు. అంతలో ఏదో గుర్తొచ్చినట్టు ఆగి నా వైపు చూశాడు.

"ఇగ మట్టి తొక్కుడు నీదే."

నిజం చెబుతాను, ఆ క్షణాన నాకు కన్నీళ్ళు రాలేదు, కోపం వచ్చింది. ఏ రోలు, ఏ గుంట వదిలించుకోవాలని అంత దూరం పోయి చదివానో, అది నాలుగు వైపులా నన్ను చుట్టుకుంది. ఉద్యోగం ఉందనో, తమ్ముణ్ణి అడగమనో అనొచ్చు. కాగితం అక్కడే ఉంది, వేలు ఇంకా పడలేదు. ఆయనకు ఆ సంగతి తెలుసు. నాకూ తెలుసు. సరే అన్నాను.

"సెప్పులిప్పు."

ఎందుకన్నాను. విప్పమన్నాను కదా అన్నాడు. విప్పాను. పాదం మంచం మీద పెట్టమన్నాడు. నర్సు చూస్తుండగానే ఆయన నా పాదాన్ని ఒళ్ళోకి తీసుకుని, మడమ తిప్పి చూశాడు, వేళ్ళ సందులు ఒక్కొక్కటీ విడదీసి చూశాడు. అచ్చం నేను ఊళ్ళో అందరివీ చూసినట్టే. ఒక్క ఆయనవి తప్ప.

"పగుళ్ళున్నయి. తొక్కేముందు నూనె రాస్కో. ఏదన్న గుచ్చుకుంటే సెప్పు, నా లెక్క దాచకు."

రెండో పాదం కూడా చూపించాను. అది కూడా చూసి, తువ్వాలుతో తుడిచి, అప్పుడు బొటనవేలు సిరాలో ముంచాడు.